దేవుని నేల, మనుషుల వంతు: పాతబస్తీ వక్ఫు భూముల చరిత్ర

బైబిలు ప్రవక్తల దృష్టిలో వంశపారంపర్యంగా వచ్చే భూమి మనిషి సొంత సొత్తు కాదు, దేవుడు అప్పగించిన బాధ్యత. హైదరాబాదు పాతబస్తీలో మసీదులకు, ఆషుర్ఖానాలకు, దర్గాలకు అంకితమైన వక్ఫు భూముల చరిత్ర వేరొక మతసంప్రదాయంలో పుట్టినదే అయినా, నేల మీద పాలకుని అధికారానికి హద్దు ఎక్కడన్న ప్రశ్నకు అది కూడా ఇంచుమించు ఇదే సమాధానం చెబుతుంది.

ఇశ్రాయేలు గోత్రాలకు చీట్లు వేసి పంచిన భూమిని తెలుగు బైబిలు స్వాస్థ్యము అంటుంది. అంటే తరతరాలకు దక్కే వంతు. లేవీయకాండము 25వ అధ్యాయం ప్రకారం భూమి దేవునిది గనుక దానిని శాశ్వతంగా అమ్మరాదు. పేదరికం వల్ల చేజారిన పొలం సైతం 50వ ఏట వచ్చే సునాద సంవత్సరంలో అసలు కుటుంబానికి తిరిగి చేరాలి. క్రీ.పూ. 573 ప్రాంతంలో, సొంత నేలను పోగొట్టుకుని బబులోను చెరలో ఉన్న ప్రజలకు యెహెజ్కేలు ప్రవక్త ఈ ధర్మాన్ని భవిష్యద్దర్శనంగా విస్తరించి చెప్పాడు. ఆ దర్శనంలో పన్నెండు గోత్రాలకు సమాన భాగాలున్నాయి, వారి మధ్య నివసించే పరదేశులకూ వంతు ఉంది, నడుమ దేవునికి ప్రతిష్ఠించిన, అమ్మకానికీ మార్పిడికీ వీలులేని భూమి ఉంది. యాజకులకు దేవుడే స్వాస్థ్యం. అధిపతి మాత్రం తన కుమారులకు తన భూమిలోనుంచే ఇవ్వాలి తప్ప ప్రజల వంతును లాక్కోరాదు.

ఇస్లామీయ ధర్మశాస్త్రం మరణించినవారి ఆస్తిని వారసులకు నిర్ణీత వాటాలుగా పంచుతుంది. ఆ పంపకానికి అందకుండా, ఆస్తిని దైవానికి శాశ్వతంగా అంకితం చేసి, దాని ఆదాయాన్ని ధర్మకార్యాలకు వినియోగించే ఏర్పాటే వక్ఫు. అంకితం చేసిన దాతను వాకిఫ్ అని, నిర్వాహకుణ్ణి ముతవల్లీ అని అంటారు. ముతవల్లీ పదవి అనేక చోట్ల తండ్రి నుంచి కొడుకుకు సంక్రమించినా, అతనికి దక్కేది సేవాధికారమే గాని యాజమాన్యం కాదు. దాత సంతతి పోషణకు ఏర్పరచే వక్ఫ్-అలల్-ఔలాద్‌లో కూడా, వంశం అంతరించిన పిమ్మట ఆదాయం పేదలకే చెందుతుంది.

1591లో హైదరాబాదు నగరం వెలసిన కొద్దికాలానికే మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన బాద్‌షాహీ ఆషుర్ఖానా, అంటే మొహర్రంలో ఆలములను (పవిత్ర ధ్వజాలను) నిలిపే మందిరం, 1687లో కుతుబ్ షాహీల గోల్కొండ మొగలుల వశమైన తరువాత నిరాదరణకు గురైంది. అయినా 18వ శతాబ్దంలో నిజాం అలీఖాన్ కాలంలో మరమ్మతులు జరిగి తిరిగి ప్రాభవం పొందింది. కట్టించిన రాజవంశం పోయినా అంకితం పోలేదు. నిజాముల వంశమైన అసఫ్ జాహీల పాలనలో మసీదులకూ దర్గాలకూ, దేవాలయాలకూ కూడా ఇనాములు, అంటే పాలకులు ఇచ్చే మాన్యపు భూములు, దక్కాయి. దీపం వెలిగించడం, ప్రార్థన నడపడం వంటి నియమిత సేవ చేసినంతకాలమే అనుభవించదగిన ఇనామును మష్రుత్-ఉల్-ఖిద్మత్ అనేవారు.

పాలకుడు ఇచ్చిన భూమికీ దైవానికి అంకితమైన భూమికీ ఉన్న భేదాన్ని 1949లో జాగీర్ల రద్దు బయటపెట్టింది. జాగీరు పాలకుని అనుగ్రహం గనుక ఆ పాలనతోనే ముగిసింది. దైవాంకితమైన భూమికి ఆ తర్కం వర్తించలేదు. 1955 నాటి ఇనాముల రద్దు చట్టం తొలిరూపంలో మత, ధర్మసంస్థల ఇనాములను మినహాయించింది. 1998లో సయ్యద్ అలీ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ వక్ఫు బోర్డు కేసులో, ఇనాముల చట్టం కింద వ్యక్తులకు పట్టా ఇచ్చినంత మాత్రాన వక్ఫు రద్దు కాదని, ఒకసారి వక్ఫు అయినది ఎప్పటికీ వక్ఫేనని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వక్ఫు చట్టానికి 2013లో చేసిన సవరణ వక్ఫు ఆస్తుల అమ్మకాన్ని, దానాన్ని, తాకట్టును నిషేధించింది.

అయితే చట్టంలోని శాశ్వతత్వం నేల మీద తనంతట తాను నిలవదు. పితరుల స్వాస్థ్యాన్ని ఇవ్వనన్న నాబోతు ద్రాక్షతోటను ఇశ్రాయేలు రాజు అహాబు కాజేసినప్పుడు, భూమిని శాశ్వతంగా అమ్మరాదన్న ధర్మశాస్త్రం అమలులోనే ఉంది. అయినా ఆ అన్యాయాన్ని ఎదిరించి పలకడానికి ఏలీయా అనే ప్రవక్త కావలసివచ్చింది. పాతబస్తీలో ఆక్రమణలకు లోనైన వక్ఫు భూముల విషయంలోనూ నష్టపోయేది ముతవల్లీయో, బోర్డో కాదు, ఆ ఆదాయం మీద హక్కున్న పేదలు, అనాథలు, విద్యార్థులు. భూమి దేవునిదని ఒప్పుకున్న సమాజం, దానిని కాపాడేవారి నుంచి లెక్క అడిగే హక్కును కూడా ఆ పేదలకు ఇచ్చినప్పుడే ఆ మాటకు విలువ.