మెత్తచిప్ప తాబేళ్ళ ఇసుక తొట్టి

మెత్తచిప్ప తాబేళ్ళ ఇసుక తొట్టి అనగా ట్రయోనికిడే కుటుంబానికి చెందిన నీటి తాబేళ్ళను ఉంచడానికి అడుగున సన్నని ఇసుక పరచిన గాజు తొట్టి (అక్వేరియం). ఈ తాబేళ్ళు చాలాసేపు ఇసుకలో దూరి గడుపుతాయి కనుక ఇసుకను శుభ్రంగా ఉంచడం తొట్టి నిర్వహణలో ముఖ్యమైన పని. ఆంధ్ర ప్రదేశ్‌లోని నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాలలో రాతి స్వభావం, వేసవి ఎండల కారణంగా ఈ పనిలో అదనపు జాగ్రత్తలు అవసరమవుతాయి. అక్కడి కాలువలలో, చెరువులలో దొరికే స్థానిక జాతులను పట్టి పెంచడం చట్టరీత్యా నేరం.

తాబేళ్ళ స్వభావం

ఇతర తాబేళ్ళకు ఉండే గట్టి పొలుసులు వీటి చిప్పపై ఉండవు. చిప్పను తోలు వంటి చర్మం కప్పి ఉంటుంది. ఇవి ఇసుకలో దాగి, పొడవైన మెడను చాచి ముక్కును నీటిపైకి తెచ్చి గాలి పీలుస్తాయి. నీటిలో కరిగిన ప్రాణవాయువును చర్మం ద్వారా, గొంతులోని పొర ద్వారా కొంతవరకు గ్రహించగలవు. చైనా మెత్తచిప్ప తాబేలు యూరియాలో ఎక్కువ భాగాన్ని నోటి ద్వారా విసర్జిస్తుందని సింగపూర్ పరిశోధకులు 2012లో ప్రకటించారు. చర్మానికి, నీటికి ఇంత దగ్గర సంబంధం ఉండటం వలన మురికి నీరు ఈ జీవులకు త్వరగా హాని చేస్తుంది.

ఇసుక ఎంపిక

గుండ్రని అంచులు గల సన్నని నది ఇసుక అనుకూలమైనది. రాతిని పొడిచేసి తయారుచేసే రోబో ఇసుక రేణువులు పదునుగా ఉండి చర్మాన్ని గీరుతాయి. ఆ గీతలలోనే బాక్టీరియా, శిలీంధ్రాలు చేరతాయి. గులకరాళ్ళను తాబేలు మింగే ప్రమాదం ఉంది.

నంద్యాల ప్రాంతపు శిలలు భూవిజ్ఞానంలో కర్నూలు సముదాయానికి చెందినవి. వీటిలో కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేల్ అనే పొరలు ఉన్నాయి. సున్నపురాయి రేణువులు కలిసిన ఇసుక నీటిని కఠినంగా, క్షారయుతంగా మారుస్తుంది. దీనిని ఇంట్లోనే పరీక్షించవచ్చు: చెంచాడు ఇసుకపై వెనిగర్ పోసినప్పుడు బుడగలు వస్తే అందులో సున్నం ఉన్నట్లు. బేతంచెర్ల నాపరాయి కూడా సున్నపురాయే. తాబేలు ఎక్కి కూర్చునే మెట్టుగా దానిని వాడితే ఇదే ఫలితం కలుగుతుంది. ఇసుకను తొట్టిలో వేసే ముందు నీరు తేటగా వచ్చేవరకు కడగాలి.

మురికి ఏర్పడే విధానం

తాబేలు విసర్జన, మిగిలిన ఆహారం కుళ్ళి అమ్మోనియా పుడుతుంది. నీటిలోని ఒక రకం బాక్టీరియా దానిని నైట్రైట్‌గా, మరొక రకం నైట్రేట్‌గా మారుస్తాయి. కొత్త తొట్టిలో ఈ బాక్టీరియా నిలదొక్కుకోవడానికి సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది.

అమ్మోనియా విషగుణం నీటి పీహెచ్‌పై, ఉష్ణోగ్రతపై ఆధారపడుతుంది. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద పీహెచ్ 7 నుండి 8కి పెరిగితే విషరూపంలో ఉండే అమ్మోనియా వాటా దాదాపు పది రెట్లు అవుతుంది. నంద్యాలలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. వేడెక్కిన నీటిలో ప్రాణవాయువు కూడా తగ్గుతుంది. అందువలన సున్నం ఎక్కువగా ఉన్న బోరు నీరు, ఎండ కలిసిన చోట కొద్దిపాటి మురికి కూడా ప్రమాదకరమే.

ఇసుకను మందంగా పరచి కదపకుండా వదిలేస్తే అడుగున ప్రాణవాయువు అందక నల్లని మచ్చలు ఏర్పడతాయి. అక్కడ పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ కుళ్ళిన గుడ్ల వాసన వేస్తుంది.

శుభ్రపరచే పద్ధతి

* మిగిలిన ఆహారాన్ని రోజూ తీసివేయాలి. వేరే టబ్బులో మేత పెట్టి, తరువాత తాబేలును తొట్టిలోకి మార్చితే మురికి బాగా తగ్గుతుంది.
* వారానికి ఒకసారి నాలుగో వంతు నీటిని సైఫన్ గొట్టంతో తీయాలి. గొట్టం మూతిని ఇసుకకు కొంచెం పైన తిప్పితే తేలికైన మురికి లేచి బయటికి పోతుంది, ఇసుక అడుగునే నిలుస్తుంది. గొట్టాన్ని నోటితో పీల్చరాదు.
* ఇసుకను విడతలుగా, ఒక్కొక్క భాగం చొప్పున వేళ్ళతో కదపాలి. మొత్తం ఇసుకను ఒకేసారి మార్చితే మేలుచేసే బాక్టీరియా నశిస్తుంది.
* ఫిల్టరు నీటిని పీల్చే భాగాన్ని ఇసుకకు పైన అమర్చాలి. స్పాంజిని తొట్టి నుండి తీసిన నీటిలోనే పిండాలి.
* కుళాయి నీటిలోని క్లోరిన్ పోవడానికి నీటిని ఒక రోజు వెడల్పాటి పాత్రలో నిల్వ ఉంచాలి, లేదా సోడియం థయోసల్ఫేట్ కలపాలి.
* తొట్టి లోపల సబ్బు, ఫినాయిల్ వాడరాదు. తొట్టిని నేరుగా ఎండ తగిలే కిటికీ వద్ద ఉంచరాదు.

తాబేళ్ళ ద్వారా సాల్మొనెల్లా బాక్టీరియా మనుషులకు సోకవచ్చు. తొట్టిని ముట్టుకున్న తరువాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి. తొట్టి సామగ్రిని వంటగదిలో కడగరాదు. తాబేలు చర్మంపై తెల్లని మచ్చలు లేదా ఎర్రని పుండ్లు కనిపిస్తే పశువైద్యునికి చూపించాలి.

చట్టపరమైన స్థితి

భారతీయ మెత్తచిప్ప తాబేలు (లిస్సెమిస్ పంక్టాటా) దేశంలోని చెరువులలో, కాలువలలో, వరిమళ్ళలో నివసిస్తుంది. వెనుక కాళ్ళను మూసే చర్మపు మడతలు దీని గుర్తు. ద్వీపకల్ప నదులలో ఉండే లీత్ మెత్తచిప్ప తాబేలు (నిల్సోనియా లీతీ) తీవ్రంగా అంతరించే ప్రమాదంలో ఉంది. ఈ రెండూ వన్యప్రాణి (సంరక్షణ) చట్టం, 1972లోని మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వీటిని పట్టడం, అమ్మడం, ఇంట్లో ఉంచడం నేరం. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం మూడు నుండి ఏడేళ్ళ జైలు శిక్ష, కనీసం 25,000 రూపాయల జరిమానా విధించవచ్చు.

సైటిస్ ఒప్పందపు అనుబంధాలలో ఉన్న విదేశీ జాతులను పెంచేవారు 2024 నాటి నియమాల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. పెంచలేకపోయిన విదేశీ తాబేలును కుందూ నదిలో గాని, కె.సి. కాలువలో గాని వదలరాదు. అది స్థానిక జాతులకు వ్యాధులను తేగలదు, ఆహారానికి పోటీ కాగలదు. కాలువలో గాని పొలంలో గాని తాబేలు కనిపిస్తే దానిని అక్కడే వదలాలి. అది గాయపడి ఉంటే అటవీ శాఖకు తెలియజేయాలి.

ఇవి కూడా చూడండి

* తాబేలు
* కుందూ నది
* నంద్యాల జిల్లా