తెరప్రక్క నిలిచిన గొంతు

మన ప్రాంతపు సినిమా చరిత్రను ముచ్చటించునపుడు తారలను, దర్శకులను, హాళ్లు కట్టించినవారిని తలచుట పరిపాటి. ఆ హాళ్లలో పనిచేసి కుటుంబములను పోషించుకొన్నవారిని తలచుట అరుదు. వారిలో ఒకడు తెరప్రక్కన నిలిచి కథ చెప్పిన మూకీ వ్యాఖ్యాత. మైకు ముందు మాటలు చెప్పి జీవించువాడను గనుక అతనిని గూర్చి చెప్పుట నా విధి యనుకొందును.

బందరున జన్మించిన రఘుపతి వెంకయ్యగారు 1910 ప్రాంతమున మదరాసు కేంద్రముగా ప్రదర్శనలు ఆరంభించి ఊరూర తిరిగిరి. 1921లో పోతిన శ్రీనివాసరావుగారు బెజవాడలో మారుతీ సినిమా హాలును నెలకొల్పిరి. డెల్టా పల్లెలనుండి వచ్చినవారికి బొమ్మలు కదలుటయే వింత. కాని ఆ బొమ్మలు మాటలాడవు. నడుమనడుమ తెరపై వాక్యములు కనబడెడివి. అవి తరచు పరభాషలలో నుండెడివి. తెలుగున నున్నను నేలమీద కూర్చున్నవారిలో చదువ నేర్చినవారు కొలదిమందియే.

ఆ లోటును తీర్చినవాడు వ్యాఖ్యాత. కథను విడమరచి చెప్పుచు, పాత్రకొక గొంతు మార్చుచు, హాస్యపు మాటలు తానే కల్పించి చేర్చుచు, ఆట ముగియువరకు అతడు నిలుచుండవలెను. ప్రక్కన హార్మోనియము, తబల. యంత్రపు చప్పుడును, జనుల కోలాహలమును మించి వినబడుటకు అతనికి మైకు లేదు. గొంతే అతని పెట్టుబడి.

ఈ పద్ధతి మనవారికి క్రొత్త గాదు. కూచిపూడి భాగవతములో సూత్రధారుడు ప్రక్కన నిలిచి కథ నడుపును. తోలుబొమ్మలాటలో తెరవెనుకనుండియే బొమ్మలకు మాటయు, పాటయు లభించును. అందుచేత సముద్రములు దాటి వచ్చిన యంత్రము మన ఊళ్లలో పాతచుట్టమువలె కలిసిపోయినది.

1931 మార్చి 14న బొంబాయిలో ‘ఆలం ఆరా’ విడుదలయినది. 1932 ఫిబ్రవరి 6న ‘భక్త ప్రహ్లాద’ తెలుగు మాట వినిపించినది. జనులు ఆనందించిరి. వ్యాఖ్యాతకు మాత్రము పని పోయినది. జపానులో ఇట్టివారిని ‘బెన్షి’ లనెడివారు. టాకీలు రాగా వారు సమ్మెలు చేసిరి. ప్రఖ్యాత దర్శకుడు అకిరా కురోసావా అన్నగారు బెన్షియే. సమ్మెలో ముందు నిలిచిన ఆయన 1933లో ప్రాణము తీసికొనెను. మన వ్యాఖ్యాతలలో కాకినాడవాడైన కస్తూరి శివరావుగారు నటుడై, 1949లో ‘గుణసుందరి కథ’తో జనులకు ప్రీతిపాత్రుడయ్యెను. కావుననే ఆయన పేరు మిగిలినది. తక్కినవారిలో ఎందరి పేర్లో గొంతుతోబాటే మాసిపోయినవి.

వ్యాఖ్యాత తరువాత హాలునకు ప్రాణమైనవాడు ఆపరేటరు. బాల్యమున డెల్టాలోని ఒక చిన్న హాలులో నేల టిక్కెట్టుపై కూర్చుండి, వెనుక గోడ రంధ్రమునుండి వచ్చు వెలుగును పలుమార్లు తిరిగి చూచెడివాడను. ఆ గదిలోని శ్రమ నాకు తరువాత తెలిసినది. రెండు కార్బను కడ్డీల కొనల నడుమ మండు వెలుగే తెరపైకి పోవును. కడ్డీలు కాలి తరుగుచుండగా వాని ఎడమును సరిదిద్దుచుండవలెను. వేయి అడుగుల రీలు పదకొండు నిమిషములలో ముగియును. ఆలోపల రెండవ యంత్రము సిద్ధము కావలెను. ఒకే యంత్రముగల డేరా హాళ్లలో రీలు రీలుకు ఆట ఆగెడిది. 1950 ప్రాంతము వరకు వాడుకలోనున్న నైట్రేటు ఫిల్ము నిప్పు తగిలిన భగ్గుమనెడిది. బొమ్మ చెడిన ఈలలు, తిట్లు ఆపరేటరుకే. బాగుగా నడచినపుడు అతడున్నట్లే ఎవరికిని తెలియదు. 2010 తరువాత కొలది యేండ్లలో డిజిటల్ పద్ధతి వ్యాపించి, రీళ్లతోబాటు ఆ నేర్పునకును పని లేకపోయినది.

విజయవాడ రేడియో కేంద్రము 1948 డిసెంబరు 1న ఆరంభమైనది. ‘సంక్షిప్త శబ్దచిత్రము’ పేర మన రేడియోలలో సినిమా వినబడిన రోజులు పెద్దలకు జ్ఞాపకముండును. మూకీలో బొమ్మ గలదు, మాట లేదు. శబ్దచిత్రములో మాట గలదు, బొమ్మ లేదు. లేనిదానిని ఊహింపజేయుటయే ఉభయుల పని. కనుక ఆ వ్యాఖ్యాతను మా వృత్తికి పూర్వుడని భావింతును.

యంత్రము మారవలదని ఎవరును కోరరు. మారిన ప్రతిసారియు హాలునుండి వెడలిపోయినవాని పేరు వ్రాసియుంచుట మన చేతిలోని పని. మీ యింటి పెద్దలలో గేటువద్ద నిలిచినవారు, టిక్కెట్లు చింపినవారు, రీళ్ల పెట్టె సైకిలుపై మోసినవారు, కార్బను వెలుగున కన్నులు మసకబారినవారు ఉండవచ్చును. వారిని అడిగి, చెప్పినది చెప్పినట్లు వ్రాసికొనుడు. ఆ మాటలు చేరినగాని మన సినిమా చరిత్ర పూర్తి కాదు.