త్రాహిమాం పాట

ఆమధ్య మా పిన్నమ్మను చూడటానికి కడప జిల్లా తుమ్మలపల్లె వెళ్ళాను. పులివెందుల దగ్గరి ఆ ఊరి పేరు చెబితే ఇప్పుడందరికీ యురేనియం గనే గుర్తొస్తుంది. నాకు మాత్రం ఒక పాట గుర్తొస్తుంది.

పెరట్లో కూర్చుని శనక్కాయలు ఒలుస్తున్నాం. పనికొచ్చిన ముసలమ్మ సన్నగా పాట తీసింది. ‘త్రాహిమాం’ అని వినబడి ఏదో దండకం అనుకున్నాను. తీరా చూస్తే తరువాతి మాట ‘క్రీస్తునాథ’!

“ఎవరు రాశారవ్వా ఈ పాట?”

“రాసినోళ్ళు ఎవురో నాకేం తెలుసమ్మా? మా జేజి పాడతాంటే నేర్చుకున్యా.”

సాయంత్రం ఆమె మనవరాలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెచ్చిచ్చింది. మన త్యాగరాజ కీర్తనల పుస్తకంలో లాగే పాటకు రాగం, తాళం పేర్లున్నాయి. రాసినవారు పురుషోత్తమ చౌదరి.

ఆయన పుట్టింది 1803లో, తెలుగూ ఒడియా కలిసిపోయే పర్లాకిమిడి ప్రాంతంలో. వంశం వంగదేశపు బ్రాహ్మణులది. కవిత్వం మాత్రం తెలుగులో సాగింది. చేతికందిన ఓ చిన్న క్రైస్తవ పుస్తకం మనసులో కలత పెట్టింది. అది పెరిగి పెరిగి 1833లో కటకం వెళ్ళి బాప్తిస్మం పుచ్చుకున్నాడు. 1890లో పోయేలోగా వందకు పైగా కీర్తనలు రాశాడు.

మతం మారితే అప్పట్లో కులంతో పాటు తాతతండ్రుల ఆస్తిలో హక్కూ పోయేది. అలా పోకూడదని కంపెనీ ప్రభుత్వం చట్టం చేసింది 1850లో. ఈయన అంతకు 17 ఏళ్ళ ముందే గడప దాటాడు. అప్పటికే పెళ్ళయిన మనిషి. ఆ కబురు తెలిసిన రాత్రి ఆ ఇల్లాలు పొయ్యి వెలిగించిందా, అన్నం ముట్టిందా? నవలలు రాసుకునేదాన్ని కనక నా ధ్యాస అక్కడే ఆగిపోతుంది!

ఆ పాటలో నన్ను పట్టేసిన మాట ‘దేహి’. ఒడుగునాడు వటువు తల్లి ఎదుట నిలబడి మొదటిసారి అడిగే మాట కదూ అది! తల్లి బియ్యం పోస్తుంది. ఆ ఇంటికి దూరమైనవాడు మళ్ళీ ఆ మాటతోనే తన కొత్త దైవాన్ని అడుగుతున్నాడు.

లండన్ మిషన్ వారు కడపకు వచ్చింది 1822లో. ఈ సీమలో క్రైస్తవంలోకి వెళ్ళినవారు ఎక్కువగా మాల, మాదిగ కుటుంబాలవారు. ఒకప్పుడు వాళ్ళ పిల్లల్ని బడి అరుగు కూడా ఎక్కనిచ్చేవారు కాదు. అలాంటి ఇళ్ళలోకి ‘త్రాహిమాం’, ‘దేహి’ పాటగా వెళ్ళి కూర్చున్నాయి. ఎవరూ వల్లె వేయించలేదు. జేజి పాడితే మనవరాలికి వచ్చేసింది.

మర్నాడు ముసలమ్మకు ఇదంతా చెప్పాను.

“ఆయప్ప బాపనాయనా!” అని పకపకా నవ్వింది. “పేరేం చెప్తివి?”

మళ్ళీ చెప్పాను. రెండుసార్లు అనుకుంది. పిన్నమ్మ వంటింటి గుమ్మంలోంచే కాఫీ వంచి పోసింది. తాగేసి, పెరటి గోడమీద వేరుగా ఉండే తన గ్లాసు తానే కడిగి బోర్లించి, చాట ముందుకు లాక్కుని ముసలమ్మ మళ్ళీ పాట అందుకుంది.