లెక్కకూ నిందకూ నడుమ: అమెరికాలో శ్వేతజాతి ఆధిక్యంపై చర్చ

అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ 2022లో జరిపిన కుటుంబ ఆర్థిక సర్వే ప్రకారం శ్వేతజాతి కుటుంబాల మధ్యగత నికర ఆస్తి 2,85,000 డాలర్లు. నల్లజాతి కుటుంబాలది 44,900 డాలర్లు. ఆరు రెట్లు దాటిన ఈ తేడా ఉందా లేదా అన్న దానిపై అక్కడ పెద్దగా వాదం లేదు. ఇది ఎలా ఏర్పడింది, దీనికి ఎవరు జవాబుదారీ అన్న దగ్గరే సమాజం రెండుగా చీలుతుంది. ఒక వర్గం దీన్ని శ్వేతజాతి ప్రివిలేజ్, అంటే శ్వేతజాతి ఆధిక్యం, అంటుంది. తమను దోషులుగా నిలబెట్టడానికే ఆ మాట వాడుతున్నారని రెండో వర్గం మండిపడుతుంది.

ఈ వ్యాసం ప్రతిపాదించేది ఒకటే. ఆధిక్యం చట్టాలూ రుణాలూ దస్తావేజుల ద్వారా తయారైన వస్తువు. దాన్ని కొలవవచ్చు, వాదించవచ్చు, సరిదిద్దవచ్చు. దాన్ని మనిషి గుణదోషాల ప్రశ్నగా మార్చినప్పుడు మాత్రం చర్చ ఆత్మగౌరవ పోరాటమవుతుంది. ఆత్మగౌరవం విషయంలో ఎవరూ రాజీపడరు. అమెరికా రాజకీయ విభజన ఎక్కువగా బలం పుంజుకుంటున్నది ఈ మార్పిడి నుంచే.

1. దస్తావేజుల్లో పుట్టిన ఆధిక్యం

మహామాంద్యం కాలంలో, 1933లో, రూజ్‌వెల్ట్ ప్రభుత్వం ఇళ్ల తాకట్టు అప్పులు తీర్చలేని వారిని ఆదుకోవడానికి హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్‌ను నెలకొల్పింది. ఆ సంస్థ 200కు పైగా నగరాల పటాలు గీయించి, పేటలను నాలుగు తరగతులుగా విభజించింది. మొదటి తరగతికి ఆకుపచ్చ రంగు, చివరి తరగతికి ఎరుపు. నల్లజాతీయులు నివసించే పేటలు దాదాపుగా ఎరుపులోకే వెళ్లాయి. అలాంటి పేటలకు రుణాలు నిరాకరించడానికి రెడ్‌లైనింగ్ అన్న పేరు అలా స్థిరపడింది.

ఆ పటాలే రుణాలను ఆపాయా అన్న విషయంలో ఆర్థిక చరిత్రకారుల మధ్య భేదాభిప్రాయం ఉంది. అయితే 1934లో ఏర్పడిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ పాత్ర గురించి అంత సందేహం అక్కర్లేదు. ఇంటి రుణాలకు హామీ ఇచ్చే ఆ సంస్థ తన మార్గదర్శక పుస్తకంలోనే, ఒక పేటలో వేర్వేరు జాతులవారు కలిసి ఉంటే ఆస్తి విలువ పడిపోతుందని రాసుకుంది. ఇతర జాతులకు ఇల్లు అమ్మకూడదన్న షరతును దస్తావేజుల్లో చేర్చమని ప్రోత్సహించింది. 1947లో న్యూయార్క్ శివార్లలో మొదలైన లెవిట్‌టౌన్‌ అలాంటి ప్రభుత్వ హామీల మీద లేచిన కాలనీ. అక్కడి తొలి ఒప్పందాల్లో శ్వేతజాతీయులే నివసించాలన్న నిబంధన అచ్చయి ఉండేది.

రెండో ప్రపంచయుద్ధ సైనికుల కోసం 1944లో తెచ్చిన జీఐ బిల్లు కాగితం మీద ఏ జాతినీ వేరు చేయలేదు. కానీ అమలు స్థానిక అధికారులు, బ్యాంకుల చేతుల్లో ఉంది. మిసిసిపీ పట్టణాల్లో 1947లో ఈ పథకం హామీతో మంజూరైన 3,229 రుణాల్లో నల్లజాతి మాజీ సైనికులకు దక్కినవి 2 మాత్రమేనని ఎబొనీ పత్రిక నాటి పరిశీలనలో తేల్చింది. రాజనీతి శాస్త్రవేత్త ఐరా కట్జ్‌నెల్సన్ 2005లో వెలువరించిన గ్రంథంలో ఈ అంకెను ఎత్తిచూపుతూ, ఆనాటి సంక్షేమ విధానాలే నిజానికి శ్వేతజాతీయులకు దక్కిన రిజర్వేషన్లని వాదించాడు.

జాతి షరతులను న్యాయస్థానాలు అమలు చేయకూడదని సుప్రీంకోర్టు 1948లో షెల్లీ వర్సెస్ క్రేమర్ కేసులో చెప్పింది. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి, 1968 ఏప్రిల్‌లో, గృహవసతిలో వివక్షను నిషేధించే చట్టం వచ్చింది. అప్పటికి ఒక తరం ఇళ్లు కొనుక్కోవడం, వాటి విలువ పెరగడం, ఆ విలువ మీద పిల్లల చదువులకు అప్పు తెచ్చుకోవడం జరిగిపోయాయి. చట్టం తలుపు తెరిచింది గాని, తలుపు మూసి ఉన్న కాలంలో పోగైన ఆస్తిని ముట్టుకోలేదు. ఈనాటి వారసుడు ఎవరినీ ద్వేషించనక్కర్లేదు. తాత ఇల్లు అతని పేరున మారితే చాలు, ఆధిక్యం మరో తరానికి చేరుతుంది.

2. లెక్క నుంచి అంతరాత్మకు

శ్వేతజాతి ఆధిక్యాన్ని తొలిసారి లోతుగా విశ్లేషించినవారిలో నల్లజాతి సామాజిక శాస్త్రవేత్త డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ ముఖ్యుడు. అంతర్యుద్ధానంతర పునర్నిర్మాణ యుగం గురించి 1935లో రాసిన గ్రంథంలో ఆయన ఒక చిక్కు ప్రశ్న వేశాడు: పేద తెల్ల కార్మికులు పేద నల్ల కార్మికులతో ఎందుకు చేతులు కలపలేదు? డబ్బు రూపంలో వారికి దక్కింది తక్కువే అయినా, బహిరంగ జీవితంలో మర్యాద, ఓటు, మంచి బడులు, పోలీసుల ఆదరణ వంటి మరో రకం కూలి దక్కిందని ఆయన జవాబు. ఆ ఏర్పాటువల్ల చివరికి లాభపడింది భూస్వాములూ యజమానులూ. ఇక్కడ ఆధిక్యం వ్యక్తి స్వభావం కాదు, వర్గ ఐక్యతను విడగొట్టే సాధనం.

1988లో వెల్స్‌లీ కళాశాలకు చెందిన పెగీ మెకింటాష్ ఇదే విషయాన్ని మరో దారిలో చూసింది. శ్వేతజాతి మహిళగా తాను అడగకుండానే అనుభవిస్తున్న 46 సౌకర్యాలను జాబితాగా రాసింది. దుకాణంలో ఎవరూ అనుమానంగా వెంటపడకపోవడం, పాఠ్యపుస్తకాల్లో తన జాతి గురించి చదువుకోగలగడం వంటివి అందులో ఉన్నాయి. ఆమె ఉద్దేశం ఎవరినీ నిందించడం కాదు. ఆ రచన మరుసటి ఏడు సంక్షిప్త రూపంలో వచ్చాక తరగతి గదుల్లోకీ, తర్వాత కార్యాలయ శిక్షణల్లోకీ పాకింది. జాబితాలో రుణమూ దస్తావేజూ వెనక్కి వెళ్లి, నేను అన్న మనిషి ముందుకొచ్చాడు. ఆధిక్యాన్ని గుర్తించడమంటే విధానాన్ని మార్చడం కాకుండా ఒప్పుకోలు చెప్పడంగా మారింది.

ఈ మార్పుకు ఫలితం ఏమిటి? మనస్తత్వ శాస్త్రవేత్త ఎరిన్ కూలీ, సహపరిశోధకులు 2019లో ప్రచురించిన ప్రయోగాలు ఆలోచింపజేస్తాయి. శ్వేతజాతి ప్రివిలేజ్ గురించి చదివించాక ఉదారవాదుల్లో పేద నల్లవ్యక్తి పట్ల సానుభూతి పెరగలేదు. పేద తెల్లవ్యక్తి పట్ల ఉన్న సానుభూతి మాత్రం తగ్గింది. ఇంత ఆధిక్యం ఉండి కూడా పేదగా మిగిలాడంటే తప్పు అతనిదే అన్న తీర్పు లోలోపల పనిచేసిందన్నమాట. పేదరికానికి వ్యక్తినే బాధ్యుణ్ణి చేసే పాత తర్కం ఇలా దొడ్డిదారిన తిరిగివచ్చింది.

ఆ పేద తెల్లవ్యక్తి ఊహాజనితుడు కాడు. కళాశాల చదువు లేని మధ్యవయసు శ్వేతజాతీయుల్లో ఆత్మహత్యలు, మాదకద్రవ్యాలు, మద్యం వల్ల మరణాలు పెరుగుతున్నాయని ఆర్థికవేత్తలు ఆన్ కేస్, ఆంగస్ డీటన్ 2015లో చూపించారు. ఉక్కు మిల్లు మూతపడిన ఊళ్లో ఉన్నవాడికి నీది ఆధిక్యం అని చెబితే, సగటు ఆస్తి లెక్కల ప్రకారం అది తప్పు కాకపోవచ్చు. అతని చెవికి మాత్రం అది వెక్కిరింతగానే వినిపిస్తుంది.

3. విభజనను పండించుకున్న పార్టీలు

1964 పౌరహక్కుల చట్టానికి ముందు జాతి ప్రశ్నపై రెండు పార్టీలూ లోపల చీలి ఉండేవి. ఆ ఏటి అధ్యక్ష ఎన్నికల్లో ఆ చట్టాన్ని వ్యతిరేకించిన రిపబ్లికన్ అభ్యర్థి బ్యారీ గోల్డ్‌వాటర్ ఘోరంగా ఓడినా, సొంత రాష్ట్రం ఆరిజోనాతో పాటు దక్షిణాదిలోని ఐదు రాష్ట్రాలను గెలుచుకున్నాడు. దశాబ్దాల తరబడి డెమోక్రాట్ల కంచుకోటగా ఉన్న దక్షిణాది క్రమంగా రిపబ్లికన్ల వైపు జరిగింది. జాతి, మతం, చదువు, నివాస ప్రాంతం ఒకదానితో ఒకటి కలిసి ఒకే పార్టీ గుర్తింపుగా గడ్డకట్టాయి. పాలనాపరమైన ఏ వాదమైనా మన మనుషులు, వాళ్ల మనుషులు అన్న లెక్కలోకి జారిపోయే పరిస్థితి ఏర్పడింది.

2020 మే నెలలో మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్‌ను పోలీసు అధికారి చంపిన తర్వాత లక్షలాది మంది వీధుల్లోకి వచ్చారు. వారి ప్రధాన డిమాండు పోలీసు వ్యవస్థ గురించి. పెద్ద సంస్థలు ఇచ్చిన జవాబు ఎక్కువగా ప్రకటనలూ జాతి వైవిధ్య శిక్షణలూ. దానికి ప్రతిఘటన కూడా ఆ శిక్షణల మీదే వచ్చింది. అదే ఏడు సెప్టెంబరులో డోనాల్డ్ ట్రంప్ కొన్ని రకాల శిక్షణలను నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చాడు. జో బైడెన్ పదవి చేపట్టిన రోజే దాన్ని రద్దు చేశాడు. 2025 జనవరిలో ట్రంప్ ఫెడరల్ ప్రభుత్వ వైవిధ్య కార్యక్రమాలన్నిటినీ ఎత్తివేయమన్నాడు. ఫ్లోరిడా 2022లో చేసిన చట్టం, జాతి కారణంగా ఎవరైనా అపరాధభావం అనుభవించాలని బోధించడాన్నే వివక్షగా నిర్వచించింది. ఒక పక్షం అంతరాత్మను తాకాలని చూస్తే, రెండో పక్షం ఆ తాకిడినే నేరంగా మార్చింది. ఈ గొడవలో ఇంటి రుణం, బడి నిధులు, పోలీసు జవాబుదారీతనం రెంటికీ చెడ్డాయి.

4. ప్రతిభ పేరిట జరిగిన వాదం

విశ్వవిద్యాలయ ప్రవేశాల్లో జాతిని పరిగణించడాన్ని సుప్రీంకోర్టు 1978లో బాకీ కేసులో పరిమితంగా అనుమతించింది. అయితే గత అన్యాయాలకు పరిహారం అన్న కారణాన్ని పక్కనపెట్టి, తరగతిలో వైవిధ్యం విద్యకు మేలు చేస్తుందన్న ఆధారం మీద దాన్ని నిలబెట్టింది. చరిత్ర లెక్క ఆనాడే న్యాయభాషలోంచి తొలగిపోయింది. 2023 జూన్ 29న హార్వర్డ్, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయాల కేసుల్లో కోర్టు జాతి పరిగణనను కొట్టివేయడంతో ఆ ఆధారం కూడా కూలిపోయింది. మరుసటి సంవత్సరం ఎం.ఐ.టి. కొత్త తరగతిలో నల్లజాతి విద్యార్థుల వాటా అంతకుముందు సగటున ఉన్న 13 శాతం నుంచి 5 శాతానికి పడిపోయింది.

హార్వర్డ్ కేసు విచారణలో బయటపడిన మరో అంకెకు ఇంత ప్రచారం దక్కలేదు. హార్వర్డ్‌లో సీటు పొందిన శ్వేతజాతి విద్యార్థుల్లో 43 శాతం మంది క్రీడాకారులు, పూర్వవిద్యార్థుల పిల్లలు, అధ్యాపకుల పిల్లలు, డీన్ ఆసక్తి చూపిన వారి జాబితాలోని వారే. తండ్రి చదివిన చోట కొడుకుకు దక్కే మొగ్గును కోర్టు నిషేధించలేదు. వారసత్వంగా వచ్చే ఆధిక్యానికి జాతి పేరు లేదు కాబట్టి అది చట్టం కంటికి ఆనలేదు.

5. భారతీయ వలసదారులు: రెండు వాదాలకూ లొంగని ఉదాహరణ

ఈ చర్చలో భారతీయుల స్థానం పరీక్షలాంటిది. పంజాబ్‌లో పుట్టి, మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్‌కు సుప్రీంకోర్టు 1923లో పౌరసత్వం నిరాకరించింది. పండితుల వర్గీకరణ ఏదైనా, సామాన్యుడి దృష్టిలో అతను శ్వేతజాతీయుడు కాడన్నది కోర్టు తర్కం. పౌరసత్వానికి అనర్హులైన వారికి భూమి హక్కు లేదన్న కాలిఫోర్నియా చట్టం దాంతో భారతీయ రైతులకూ వర్తించింది. తిరిగి పౌరసత్వపు దారి తెరుచుకున్నది 1946లో, అదీ ఏడాదికి 100 మంది వలస పరిమితితో.

పౌరహక్కుల ఉద్యమ వాతావరణంలో 1965లో వచ్చిన వలస చట్టం జాతీయతల కోటాలను తొలగించి, నైపుణ్యానికీ కుటుంబ బంధానికీ పెద్దపీట వేసింది. ఈనాడు భారతీయ అమెరికన్ కుటుంబాల ఆదాయం దేశంలో అత్యున్నత స్థాయిలో ఉంది. దీన్ని చూపి, కష్టపడితే జాతి అడ్డు కాదని కొందరంటారు. పరిశోధకులు సంజయ్ చక్రవర్తి, దేవేశ్ కపూర్, నిర్వికార్ సింగ్ 2016లో వెలువరించిన అధ్యయనం ఆ వాదానికి జవాబిస్తుంది: స్వదేశంలో కులమూ వర్గమూ చదువు దగ్గరే కొందరిని ఎంచుతాయి, ప్రవేశ పరీక్షలు మరికొందరిని వడకడతాయి, అమెరికా వీసా నిబంధనలు మూడోసారి ఏరుతాయి. హైదరాబాద్, విజయవాడ కోచింగ్ కేంద్రాల నుంచి డాలస్ దాకా సాగిన తెలుగువారి ప్రయాణంలో కష్టం నిజమే. ఆ పోటీలో పాల్గొనే అవకాశం అందరికీ సమానంగా దక్కలేదన్నదీ నిజమే.

అలాగని వీరిని ఆధిక్యం కలవారి జాబితాలో చేర్చి ఊరుకోలేం. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రంలోని ఓలేథా‌లో ఒక తెలుగు ఇంజనీరును, తన దేశం నుంచి పొమ్మంటూ కేకలు వేసిన దుండగుడు కాల్చిచంపాడు. జీతం స్థాయి ఆ తూటాను ఆపలేదు. మరోవైపు, కుల వివక్షను నిషేధిస్తూ 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం చేసిన నిబంధననూ, అదే ఏడు కాలిఫోర్నియా గవర్నర్ వీటో చేసిన బిల్లునూ భారతీయ సంఘాల్లో కొన్ని సమర్థించాయి, కొన్ని తమ సమాజంపై నిందగా భావించి వ్యతిరేకించాయి. శ్వేతజాతీయులు ప్రివిలేజ్ మాట విని చూపిన అభ్యంతరమే ఇక్కడ మరో గొంతులో వినిపించింది. ఒకే మనిషి ఒక లెక్కలో లబ్ధిదారుడు, మరో లెక్కలో బాధితుడు కాగలడు. నింద భాషలో ఈ రెండింటికీ కలిపి చోటు లేదు.

6. లెక్కకు తిరిగి రావడం

లెక్క పద్ధతికి ఒక ఆచరణ ఉదాహరణ ఇలినాయ్ రాష్ట్రంలోని ఎవన్‌స్టన్ నగరం. 1919 నుంచి 1969 వరకు అక్కడ నివసించి గృహవసతి వివక్షకు గురైన నల్లజాతీయులకూ వారి వారసులకూ 25,000 డాలర్ల చొప్పున ఇచ్చే పథకాన్ని నగర మండలి 2021లో ఆమోదించింది. గంజాయి అమ్మకాల పన్నును దానికి కేటాయించింది. ఇక్కడ నష్టానికి కాలపరిమితి ఉంది, చేసిన సంస్థ ఉంది, చెల్లించే ఖజానా ఉంది. ఏ పౌరుడూ వ్యక్తిగతంగా పాపం ఒప్పుకోనక్కర్లేదు.

ఇది వివాదాలకు అతీతం కాదు. అర్హతలో జాతి ప్రస్తావన ఉందని 2024లో కోర్టులో సవాలు ఎదురైంది; ఆస్తి అంతరంతో పోలిస్తే ఈ మొత్తం ఎంత స్వల్పమో చెప్పే విమర్శకులూ ఉన్నారు. కానీ ఆ రెండు అభ్యంతరాలూ నియమం గురించి, మొత్తం గురించి. వాటికి సాక్ష్యంతో జవాబు చెప్పవచ్చు, పథకాన్ని సవరించవచ్చు, తర్వాతి ఎన్నికల్లో రద్దు కూడా చేయవచ్చు. మనుషుల్ని మంచివాళ్లు, చెడ్డవాళ్లుగా విడదీసే వాదనకు అలాంటి ముగింపు ఉండదు. జాతి అసమానతను నిజంగా తగ్గించాలనుకునేవారు ఎదుటివాడి మనసు మారేదాకా వేచి ఉండనవసరం లేదు. రుణ నిబంధనను, బడి నిధుల సూత్రాన్ని, ప్రవేశాల్లో వారసుల మొగ్గును ముందు మార్చవచ్చు.