సుదూర వైఫై లంకెలు

వైఫై అనగానే మీకు ఇంట్లోని రౌటరు గుర్తుకొస్తుంది. 2006లో వెనెజులాలో ఎర్మాన్నో పియెట్రోసెమోలి బృందం అలాంటి మామూలు రౌటర్లతోనే 279 కిలోమీటర్ల ఎడంగా ఉన్న రెండు స్థలాలను కలిపింది. ఒక కొస ఆండీస్‌లోని ఆగిలా శిఖరం. ఆ ఎత్తు లేకపోతే భూమి వంపే అడ్డు వచ్చేది. వాడి వదిలేసిన ఉపగ్రహ డిష్ ఒకటి యాంటెన్నాగా పనికొచ్చింది.

అసలు చిక్కు మరొకటి. వైఫైలో పంపిన ప్రతి ప్యాకెట్టుకూ 'అందింది' అనే రసీదు రావాలి. కొద్ది మైక్రోసెకన్లలో రాకపోతే, అది దారిలో పోయిందనుకుని రౌటరు మళ్లీ పంపుతుంది. మీరే లెక్క వేసి చూడండి: సెకనుకు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో వెళ్లినా, 279 కిలోమీటర్లు పోయి రావడానికి 1,860 మైక్రోసెకన్లు పడుతుంది! గడువు పెంచితే లంకె నిలుస్తుంది గాని, కాలమంతా ఎదురుచూపులోనే గడుస్తుంది. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు రెండు కొసలకూ వంతులు కేటాయించి, రసీదులను ఒక్కసారిగా పంపే ఏర్పాటు చేశారు. వారి ఫర్మ్‌వేర్‌తో 2007లో వెనెజులాలోనే లంకె 382 కిలోమీటర్లకు చేరింది. ఒక్కో దిశలో సెకనుకు సుమారు 3 మెగాబిట్లు.

రికార్డు సంగతి అలా ఉంచండి. ఈ పద్ధతి విలువ తమిళనాడులోని తేనిలో తెలుస్తుంది. అక్కడ అరవింద్ కంటి ఆసుపత్రికీ, చుట్టుపక్కల పల్లెల్లోని కంటి పరీక్షా కేంద్రాలకూ మధ్య ఇలాంటి లంకెలే వేశారు. రోగి తన ఊరి దగ్గరే కూర్చుని వీడియోలో డాక్టరుతో మాట్లాడేవాడు. శస్త్రచికిత్స వంటిది అవసరమైతేనే ఆసుపత్రికి బస్సెక్కేవాడు.