చెంబు బొమ్మ వెనుక చరిత్ర

బల్ల మీద ఒక ఇత్తడి చెంబు, పక్కన రెండు వంకాయలు, వెనుక ఒక తువ్వాల. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల నుంచి డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలకు వెళ్లినవారికి ఇలాంటి బొమ్మ కొత్త కాదు. చిత్రకారులు దాన్ని నిశ్చల చిత్రం అంటారు. మనకు మాత్రం అది ‘చెంబు బొమ్మ’.

ఈ పాఠం మన దేశపు చదువుల్లోకి కేవలం అందం కోసం రాలేదు. 1850లో డాక్టర్ అలెగ్జాండర్ హంటర్ మద్రాసులో ఆర్ట్ స్కూలు పెట్టారు. 1857లో బొంబాయిలో జె.జె. స్కూలు మొదలైంది. చేతిపనివారికి కన్ను, చెయ్యి కుదరాలన్నది వాటి తొలి ఉద్దేశాల్లో ఒకటి. ఎదుట ఉన్న వస్తువును కంటితో కొలిచి గీయడం అందుకు తొలి మెట్టు.

హైదరాబాదులో ప్రభుత్వ చిత్రకళా పాఠశాల 1940లో వచ్చింది. అంతకుముందే మన పాత కరీంనగర్ జిల్లాలో 1915లో పుట్టిన పాకాల తిరుమల్ రెడ్డి బొంబాయి వెళ్లి జె.జె.లో చదివి, పి.టి. రెడ్డిగా పేరు పొందారు. అదే జిల్లా బూరుగుపల్లిలో 1942లో పుట్టిన తోట వైకుంఠం నాటికి ఆ చదువు హైదరాబాదులోనే దొరికింది. పొరుగున సిద్దిపేటలో కాపు రాజయ్య డ్రాయింగ్ సారుగా ఉంటూనే పల్లె బతుకును చిత్రాలకెక్కించారు.

నీటి రంగు ఓపికను నేర్పుతుంది. చెంబు మీద మెరుపు కావాలంటే అక్కడ కాగితాన్ని ఖాళీగా వదిలేయాలి. లేత రంగుతో మొదలుపెట్టి ముదురుకు పోవాలి. ఒకసారి ముదిరితే వెనక్కి రావడం కష్టం. చెంబు మూతి కంటికి సమాన ఎత్తులో గీతలా, కిందికి దించేకొద్దీ వెడల్పాటి అండాకారంగా కనిపిస్తుంది. ఇంజినీరింగు మొదటి ఏడాదిలో దీర్ఘవృత్తం గీసేటప్పుడు నాకు ఆసరా అయింది ఆ చెంబే.

ఫ్రెంచి చిత్రకారుడు సెజాన్ 1906లో కన్నుమూశారు. ఆయన చివరి ఏళ్లలో నీటి రంగుల్లో వేసిన ఒక గొప్ప చిత్రంలో ఉన్నవి వంటింటి నీలి ఎనామెల్ గిన్నె, పాల కూజా, కొన్ని పండ్లు. గిన్నె ఖరీదైనది కాదు, చూసిన చూపు ఖరీదైనది.

మన ఇళ్లలోని కందిలి, గోలెం, కోరుట్ల అమ్మల ఒడిలోని బీడీల చాట, సిరిసిల్ల మగ్గం మీది నాడె, కండెలు ఒక్కొక్కటే కంటికి దూరమవుతున్నాయి. ఆ రోజుల్లో ఫొటో అంటే పెళ్లికో, పరీక్ష ఫారానికో తీసేది. చాటకు, కందిలికి ఎవరు తీస్తారు? వాటి ఆకారం, రంగు, సొట్టలతో సహా మిగిలి ఉన్నది పిల్లల డ్రాయింగ్ కాగితాల మీదే.

మిత్రులారా, గురువులారా! మీ పాత పెట్టెల్లో అలాంటి కాగితం ఉంటే పారేయకండి, సంఘానికి ఇవ్వండి. బొమ్మ లేకపోతే అటక మీది వస్తువునే బడికి తెండి. దాన్ని బల్ల మీద పెట్టి, ఇప్పటి పిల్లల చేతికి కుంచె ఇద్దాం. వాళ్లు గీస్తూ ‘ఇదేంటి సార్?’ అని అడుగుతారు. మనలో జవాబు చెప్పగలిగినవాళ్లు ఉన్నప్పుడే ఆ ప్రశ్న రావాలి.