ఆత్మాశ్రయం ఎవరిది?

దళితులు తమ చరిత్ర తాము రాసుకుంటే 'ఆత్మాశ్రయం' అంటారు. అదే కరణం రికార్డు, దొర జ్ఞాపకం, పండితుడి వ్యాఖ్యానం అయితే 'ఆధారం' అంటారు. ఈ తూకంరాళ్లు ఎవరు చెక్కారన్నదే మేము అడుగుతున్న ప్రశ్న.

మనిషి ఎక్కడ నిలబడి చూస్తాడో అక్కణ్ణుంచే లోకం కనబడుతుంది. ఆత్మాశ్రయం అంటే అదే. 1985లో కారంచేడులో మాదిగలు తాము తాగే చెరువు నీళ్లు మురికి చేయొద్దన్నారు. కొట్టబోతే మున్నంగి సువార్తమ్మ బిందె ఎత్తింది. ఆమెకది ఆత్మరక్షణ. కమ్మ భూస్వాములకు 'పొగరు'. జులై 17న ఆరుగురు మాదిగల ప్రాణాలు తీసింది ఆ తీర్పే. అంటే ఆత్మాశ్రయం పెత్తందారుకీ ఉంది. కాకపోతే అతనిది ఊరి కట్టుబాటుగా చెలామణీ అవుతుంది, మనది ఉద్రేకం కింద జమవుతుంది.

1948లో వచ్చిన 'అంటరానివారు' గ్రంథం ముందుమాటలో అంబేద్కర్ ఈ చిక్కును సూటిగా ఎదుర్కొన్నారు. అంటరానితనం పుట్టుకకు నేరుగా సాక్ష్యం దొరకనప్పుడు, తెగిన లంకెలను ఊహతో కలుపుకోక తప్పదన్నారు. తన సిద్ధాంతమే చివరిమాట అనలేదు. బ్రాహ్మణ పండితులు అసలీ పరిశోధనకే ఎందుకు పూనుకోలేదని నిలదీశారు. ప్రశ్న తట్టకపోవడం కూడా ఆత్మాశ్రయమే కదా!

కోర్టు మెట్ల మీదా ఇదే పేచీ. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. ఆ ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. హత్యల సమయం, చోటు, చంపిందెవరో కచ్చితంగా రుజువు కాలేదని 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. సాక్ష్యాలు అవే, తూచిన చేతులు మారాయి. ప్రాణభయంతో పొలాలకడ్డంపడి పరిగెత్తేవాడు గడియారం చూసుకుంటాడా?

అలాగని దళితుడు చెప్పిన ప్రతి మాటా నిజమైపోదు. 1994లో లేచిన మాదిగ దండోరా, 'మనం' అన్న మాటలో ఎవరి వాటా ఎంతని మనల్నే నిలదీసింది. దళిత స్త్రీలూ అదే అడిగారు. ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నామో ముందే చెప్పి, సాక్ష్యానికి జవాబుదారీగా ఉండాలి. ఈ షరతుకు వాడ ఎప్పుడో ఒప్పుకుంది. ఒప్పుకోవలసింది ఊరు.